మనోవ్యాధియు దేహరక్షణయు



మనోవ్యాధికి మందు లేదను సామెత వినబడని యూరు నల్లగొండ, మహబూబునగరము సీమలలో లేదు. వానలు తప్పి చెలకలు బీడుపడినప్పుడు, తెచ్చిన అప్పునకు మిత్తి పెరిగి అసలును మించినప్పుడు, కొడుకులును కోడండ్రును పనులకై దూరదేశములకు పోయి వృద్ధులు ఇంటికి కావలిగా మిగిలినప్పుడు, దృఢకాయుడైన మనిషి సైతము చిక్కి, చిన్న జ్వరమునకే మంచము పట్టుట మీరందఱు కన్నులార చూచినదే. అట్టివాడు గతించినచో "దిగులుతో పోయినాడు" అని ఊరివారందురు. డాక్టరు మాత్రము తన కాగితముపై న్యుమోనియా యని వ్రాయును. ఈ రెండు మాటలలో నేది నిజము? దిగులుండునది మనస్సునందు. రోగక్రిమి యుండునది ఊపిరితిత్తులయందు. ఒకదానినుండి మఱియొకదానికి బాట యెక్కడిది? నేటి ప్రసంగమునకు ఇదియే విషయము. బాట యున్నదనియు, అది రక్తములోని తెల్లకణముల పైపొర మీదుగా పోవుచున్నదనియు ఇటీవలి శాస్త్రము చెప్పుచున్నది.

ముందుగా దేహరక్షకుల సంగతి వినుడు. ఆముదపుచేనిలో నడచువాని కాలిలో ముల్లు విఱిగినదనుకొందము. రెండు దినములకు కాలు వాచును. దానితోడనే గజ్జలలో బిళ్ళ కట్టును. ముల్లు గ్రుచ్చుకొన్నది పాదమున, బిళ్ళ కట్టినది గజ్జలలో. దీనికి కారణమేమి? ముంటితోపాటు లోనికి చొచ్చిన క్రిములు కాలిలోని సన్నని నాళములగుండ పైకి పోకుండ ఆ బిళ్ళలో ఠాణా వేసికొని కూర్చున్న రక్షకకణములు వానిని అడ్డగించును. పోరాటము హెచ్చినకొలది కణములు పెరుగును, బిళ్ళ ఉబ్బును. ఈ రక్షకకణములే రక్తమున తెల్లకణములను పేర తిరుగుచుండును. ఆరోగ్యవంతుని రక్తమున ఒక ఘన మిల్లీమీటరునకు నాలుగువేలు మొదలు పదునొకండువేలవఱకు తెల్లకణములుండును. వానిలో క్రిములను మ్రింగునవి భక్షకకణములు. ఒకసారి వచ్చిన శత్రువును గుర్తుంచుకొని, మరల వచ్చినప్పుడు పోల్చి కొట్టునవి లింఫోసైటులు. ఒక లింఫోసైటు వెడల్పు మిల్లీమీటరులో ఇంచుమించు నూఱవవంతు మాత్రమే.

ఇక నాడుల సంగతి. మెదడునుండి శరీరమంతట నాడులు వ్యాపించియున్నవి. నాడిలో వార్త విద్యుద్రూపమున పరుగిడును. కాని నాడి చివఱకును, దాని మాట వినవలసిన కణమునకును నడుమ చిన్న సందు కలదు. ఆ సందు మిల్లీమీటరులో సుమారు ఏబదివేలవవంతు. విద్యుత్తు సాధారణముగా ఈ సందును దాటదు. మఱి వార్త యెట్లు దాటును? 1921 వ సంవత్సరమున ఆస్ట్రియా దేశమందలి గ్రాట్జ్ నగరమున ఆటో లోవీ యను శాస్త్రజ్ఞుడు ఈ ప్రశ్నకు సమాధానము కనుగొనెను. ఆతడు రెండు కప్పల గుండెలను తీసి వేఱువేఱుగ ఉప్పునీటిలో ఆడునట్లు చేసెను. మొదటి గుండెకు పోవు వేగస్ నాడిని ప్రేరేపింపగా ఆ గుండె మందగించెను. పిదప ఆ గుండెను తడిపిన నీటిని తెచ్చి రెండవ గుండెపై పోసెను. ఆ గుండెకు ఏ నాడియు తగులలేదు. అయినను అదియు మందగించెను. కాన నాడి చివఱనుండి ఏదో పదార్థము నీటిలోనికి ఊరినదని తేలెను. ఆ పదార్థము ఎసిటైల్‌కోలిన్ అని పిమ్మట నిశ్చయమయ్యెను. లోవీకిని, ఇంగ్లండులో ఆ పదార్థమునుగూర్చి అంతకుమున్నే పరిశోధించిన హెన్రీ డేల్‌కును 1936 లో నోబెల్ బహుమతి నొసగిరి.

ఇట్టి పదార్థములను ఆంగ్లమున న్యూరోట్రాన్స్‌మిటర్లందురు. మనము నాడీదూతలందము. ఎసిటైల్‌కోలిన్, నార్అడ్రినలిన్, డోపమిన్, సెరోటోనిన్ అనునవి ఈ దూతలలో ముఖ్యమైనవి. అడ్రినలిన్ మూత్రపిండములపై టోపీవలె నున్న గ్రంథులనుండి నేరుగ రక్తములోనికి దిగును.

దూత చెప్పు మాట వినుటకు చెవి కావలెను. ఊరిలో దండోరా వేసినచో చెవిటివానికి అది వినబడునా? కణముల పైపొరయందు మాంసకృత్తులతో నిర్మితమైన తాళములవంటి అంగములు కలవు. వీనికి గ్రాహకములని పేరు. ఒక్కొక్క దూత ఒక్కొక్క తాళపుచెవివంటిది. తన తాళమునకే సరిపోవును. చెవి తాళములో నమరుటను బంధనమందురు. బంధనము జరుగగానే కణము లోపల మార్పు పుట్టును. తాళపుచెవి గడపదాటి లోనికి రానక్కరలేదు. బయట తిరిగిన చెవికి లోపల గడియ కదలును.

ఇంత చిన్న పదార్థము ఇంత పెద్ద దేహమును కదలించునా యని మీరు సందేహింపవచ్చును. నల్లగొండ పెద్దలకు ఈ సందేహము తగదు. బావినీటిలో కంటికి కానరాక, నాలుకకు తెలియక కరగియున్న ఫ్లోరైడు మనిషి యెముకలను వంచి, నడుమును బిగించుట వారు తరతరములుగ చూచినవారు. నాడీదూతల విషయమున ఇంతకన్న తీవ్రమైన నిదర్శనములు మన చేలగట్లమీదనే కలవు. నాగుబాము విషములోని కొన్ని పదార్థములు కండరములందలి ఎసిటైల్‌కోలిన్ తాళములలో దూరి వానిని మూసివేయును. నాడి పిలుచుచునే యుండును, కండకు వినబడదు. అందుచేత ముందుగా కనుఱెప్పలు వ్రాలును, పిదప మాట తడబడును, తుదకు ఊపిరి తీయు కండరములు నిలిచిపోవును. మంత్రముచే ఆ తాళము తెఱచుకొనదు. విషమునకు విఱుగుడైన సూదిమందును, అవసరమైనచో ఊపిరి నిలుపు యంత్రమును గల ఆసుపత్రికి వెంటనే కొనిపోవుటయే గతి.

దూత పని ముగిసిన పిదప తొలగిపోవుట దూత వచ్చుటవలెనే ముఖ్యము. చెఱువు తూము తీసిన నీరటి వేళకు దానిని మూయకున్న పైరు మునుగును. నాడుల సందులలోని దూతలను తొలగించుటకు రెండు మార్గములు కలవు. ఒకటి, దూతను అక్కడికక్కడే త్రుంచుట. ఎసిటైల్‌కోలిన్ విషయమున ఈ పని కోలినెస్టరేజ్ అను ఎంజైము చేయును. పత్తిచేలపై చల్లు మందులలో ఆర్గనోఫాస్ఫేటు జాతికి చెందినవి ఈ ఎంజైమును పనిచేయనీయవు. తూము మూయువాడు లేడు. అందుచే నోటినిండ చొంగ, చెమట, కంటిపాప గుండుసూది మొనవలె చిన్నదగుట, ఊపిరాడకుండుట సంభవించును. ఈ ఎంజైము ఎఱ్ఱకణములపైనను ఉండును గనుక, మందు చల్లు కూలివాని రక్తమును పరీక్షించి అతనికి తగిలిన విషమును అంచనా వేయవచ్చును. నాడి సంగతి తెలియుటకు మెదడును కోయనక్కరలేదు. రక్తపుబొట్టు కొంత చెప్పును. ఈ మాటను గుర్తుంచుకొనుడు.

రెండవ మార్గము, దూతను త్రుంచక మరల లోనికి గ్రహించుట. కణపు పైపొరపై వాహకములను మఱియొకజాతి మాంసకృత్తులు కలవు. ఇవి సందులోనికి విడువబడిన దూతను పట్టి కణము లోపలికి చేరవేయును. కళ్ళములో చల్లిన గింజలను ఏఱి గరిసెలోనికి చేర్చినట్లు, ఆ దూతలు మరల వాడుటకై దాపబడును. నార్అడ్రినలిన్ ఇట్లు తిరిగి గ్రహింపబడునని అమెరికాదేశపు జూలియస్ ఆక్సెల్‌రాడ్ నిరూపించెను. ఆతనికి 1970 నాటి నోబెల్ బహుమతిలో పాలు లభించెను. బంధనమును గ్రహణమును వేఱువేఱు పనులని దీనివలన తెలియవలెను. బంధనమున దూత బయటనే నిలిచి తలుపు తట్టును. గ్రహణమున దూతయే లోనికి పోవును.

ఇంతవఱకు చెప్పినది నాడులును కండరములును. ఇక అసలు సంగతికి వత్తము. నాడీదూతల తాళములు నాడులకును, గుండెకును, కండలకును మాత్రమే కలవని చాలకాలము తలచిరి. తెల్లకణములు సైనికులవలె తమకు తామే తిరుగుననియు, మెదడునకు వానితో సంబంధము లేదనియు పాఠములుండెను. 1976 లో అమెరికాలోని డ్యూక్ విశ్వవిద్యాలయమున రాబర్ట్ లెఫ్కోవిట్జ్ మొదలగువారు మానవుని రక్తమునుండి లింఫోసైటులను వేఱుచేసి, అడ్రినలిన్ తాళములో నమరు ఒక మందునకు రేడియోధార్మికమైన గుర్తు తగిలించి వానితో కలిపిరి. పిదప కణములను కడిగి, అంటుకొని మిగిలిన గుర్తులను లెక్కించిరి. లింఫోసైటులపై అడ్రినలిన్ తాళములు నిశ్చయముగ కలవు. వాని సంఖ్య కణమునకు వేయి, రెండువేల ప్రాంతమున నుండును. లెఫ్కోవిట్జ్‌కు గ్రాహకముల పరిశోధనకై 2012 లో నోబెల్ బహుమతి వచ్చెను. ఉబ్బసమునకు మనవారు పీల్చు సాల్బుటమాల్ మందు ఊపిరిగొట్టములలో తెఱచునది ఈ జాతి తాళమునే.

తాళమున్నచో చెవి వచ్చు దారియు నుండవలెను గదా! 1980 దశకమున డేవిడ్ ఫెల్టెన్ మొదలగు అమెరికా శాస్త్రజ్ఞులు సూక్ష్మదర్శినితో చూచి, ప్లీహములోనికిని, బిళ్ళలలోనికిని నాడుల కొసలు చొచ్చి లింఫోసైటుల సరసనే ముగియుట కనుగొనిరి. సైనికుల శిబిరములోనికి తంతితపాలా తీగ వేసియున్నదన్నమాట.

ఈ తీగమీద ఏ వార్త వచ్చిన ఏమి జరుగును? ఒక్కొక్క దూతనుగూర్చి క్లుప్తముగ చెప్పెదను.

మొదటిది అడ్రినలిన్. ఎలుగుబంటి యెదురైనదనుకొనుడు. గుండె దడదడ కొట్టుకొనుటయేకాదు; కొలది నిమిషములలో ప్లీహమునందును, రక్తనాళముల గోడలయందును విశ్రమించుచున్న తెల్లకణములు అనేకము రక్తప్రవాహములోనికి దుముకును. గాయమగునేమో యని దేహము ముందుగనే సైన్యమును బజారులోనికి దింపినట్లు. ఆపద తప్పిన పిదప కొంతసేపటికి అవి మరల తమ చోటులకు చేరును. భయపడియో, పరుగెత్తియో వచ్చినవాని రక్తపరీక్షలో తెల్లకణముల లెక్క కొంత హెచ్చుగ కనబడుటకు ఇది యొక కారణము. కాన క్షణకాలపు భయము రక్షణకు శత్రువు కాదు. చిక్కు వచ్చునది దినములు, నెలలు గడచినను ఆ దండోరా ఆగకున్నప్పుడు. అడ్రినలిన్, నార్అడ్రినలిన్‌లు తాళమున నమరినప్పుడు లింఫోసైటు లోపల సైక్లిక్ ఏఎంపీ యను పదార్థము పెరిగి, ఆ కణము సంతానవృద్ధిని తగ్గించుకొనును; తోటికణములను పిలుచు కొన్ని పదార్థములను తక్కువగ విడుచును. దీర్ఘచింతయందు కార్టిసాల్ అను మఱియొక స్రావమును తోడై రక్షకకణములకు కళ్ళెము వేయును.

రెండవది సెరోటోనిన్. ఇది మెదడులోని దూతయని ప్రసిద్ధి; కాని దేహములోని సెరోటోనిన్‌లో నూటికి తొంబదిపాళ్ళకు పైగా పుట్టునది ప్రేవులలో. రక్తము గడ్డకట్టుటకు తోడ్పడు ప్లేట్‌లెట్లను చిన్నతునకలు దీనిని తాము తయారుచేయలేవు. ప్రేవులనుండి రక్తములోనికి దిగిన సెరోటోనిన్‌ను తమ పైపొరలోని వాహకములతో లాగికొని, సంచులలో నింపికొని తిరుగును. రక్తమందలి సెరోటోనిన్ ఇంచుమించుగ నంతయు ఈ సంచులలోనిదే. గాయమైనచోట దానిని గ్రుమ్మరించును. రక్షకకణములలో కొన్నిటికిని ఇదే వాహకము కలదు. శత్రువు ఆనవాలును లింఫోసైటులకు చూపు డెండ్రిటిక్ కణములు సెరోటోనిన్‌ను గ్రహించి, దాచి, లింఫోసైటు దగ్గఱకు వచ్చినప్పుడు దానికి అందించునని 2006 లో ప్రకటించిరి. నాడులు నాడులతో మాటాడు భాషనే రక్షకకణములును తమలో తాము వాడుకొనుచున్నవి.

ఇచ్చట మన సామెతను మరల తలంపవలెను. మనోవ్యాధికి మందు లేదనుట పూర్వకాలమున సత్యము కావచ్చును. నేడు తీవ్రమైన దిగులురోగమునకు డాక్టర్లిచ్చు మాత్రలలో ఒక ముఖ్యజాతి పనిచేయునది ఈ సెరోటోనిన్ వాహకముపైననే. మెదడులో దూతను లోనికి లాగు వాహకమును అవి అడ్డగించును. అదే వాహకము ప్లేట్‌లెట్లపైనను ఉండుటచే ఆ మాత్రలు అక్కడకూడ పనిచేయును. అందువలన ఈ మాత్రలు మ్రింగువారు ఆస్పిరిన్‌వంటి నొప్పిమాత్రలను తమంతట తామే తెచ్చుకొని కలిపి వాడినచో కడుపులో రక్తస్రావమయ్యెడి అపాయము హెచ్చును. ఏ మాత్ర వాడుచున్నను డాక్టరునకు చెప్పుడు. దిగులుమాత్రలను హఠాత్తుగ మానకుడు.

మూడవది డోపమిన్. దీని కథకు మన పొదలతోనే సంబంధము కలదు. ఒంటికి తగిలిన ప్రాణము తోడునట్టి దూలగొండి మీరెఱిగినదే. దాని గింజలలో ఎల్-డోపా యను పదార్థము సమృద్ధిగ నున్నదని 1937 లో మద్రాసున దామోదరన్, రామస్వామి యను శాస్త్రజ్ఞులు ప్రకటించిరి. దేహములో ఎల్-డోపా డోపమిన్‌గా మాఱును. మెదడులో డోపమిన్ తగ్గి చేతులు వణకు పార్కిన్‌సన్ వ్యాధికి నేడు ఎల్-డోపాయే ముఖ్యౌషధము. అయితే గింజలో ఎంత మందున్నదో చూపునకు తెలియదు గనుక వానిని స్వయముగ వాడుట ప్రమాదము. ఈ డోపమిన్‌యే మానవ లింఫోసైటుల లోపల నున్నదనియు, అవి దానిని స్వయముగ తయారుచేసికొనగలవనియు 1994 లో స్వీడన్ దేశపు పరిశోధకులు చూపిరి. లింఫోసైటులపై డోపమిన్ తాళములును కలవు. కలకత్తానగరమందలి చిత్తరంజన్ జాతీయ కేన్సర్ సంస్థ శాస్త్రజ్ఞులు డోపమిన్ హెచ్చినప్పుడు టీ-లింఫోసైటుల పనికి కలుగు మార్పులను పరిశోధించిరి.

నాల్గవది ఎసిటైల్‌కోలిన్, లోవీ కప్పగుండెలో కనుగొన్న దూతయే. అమెరికాలో కెవిన్ ట్రేసీ బృందము 2000 వ సంవత్సరమున ఎలుకలలో వేగస్ నాడిని ప్రేరేపించి, విషజ్వరమువంటి స్థితిలో భక్షకకణములు విడుచు తాపకారక పదార్థము తగ్గుట చూచెను. ప్లీహములోని కొన్ని లింఫోసైటులు నాడినుండి నార్అడ్రినలిన్ వార్తను విని, తామే ఎసిటైల్‌కోలిన్‌ను విడిచి, భక్షకకణములకు శాంతింపుమని చెప్పునని 2011 లో ఎలుకలలోనే తేల్చిరి. కీళ్ళవాతపు రోగులకు ఆ నాడిని చిన్నయంత్రముతో ప్రేరేపింపగా తాపము తగ్గినదని 2016 లో ప్రకటించిరి. ఇది రక్షణ తగ్గుటకాదు. మితిమీరిన రక్షణను అదుపుచేయుట. క్రిమిని చంపునది మంచిదే; కాని మంట ఆరకున్న ఇల్లే కాలును గదా!

ఇట్టి పరిశోధన దూరదేశములలోనే జరుగుననుకొనవలదు. 1977 లో స్థాపితమై హైదరాబాదులో ఉప్పల్ మార్గమునందున్న సీసీఎంబీ యను పరిశోధనాలయమున సెరోటోనిన్ గ్రాహకములలో నొకదానిపై ఏండ్లతరబడి పరిశోధన సాగినది. తాళము ఎంత మంచిదైనను తలుపు చెక్క పుచ్చినచో పనిచేయునా? కణపు పైపొరలోని కొలెస్టరాల్ అను క్రొవ్వును తొలగించినచో ఆ గ్రాహకము తన దూతను సరిగా పట్టజాలదని అమితాభ చటోపాధ్యాయగారి బృందము అక్కడ నిరూపించినది. నల్లగొండనుండి పట్టణమునకు పోవు బస్సు ఉప్పల్ సమీపమునకు వచ్చినప్పుడు ఈ సంగతి జ్ఞప్తికి తెచ్చుకొనుడు.

ఇదంతయు గాజుగొట్టములలోని సంగతి. బ్రదికియున్న మనిషియందు దిగులువలన నిజముగ రక్షణ తగ్గునా యని పెద్దలడుగవలసిన ప్రశ్న. దీనికి రెండు ప్రయోగములు చెప్పెదను. 1995 లో అమెరికాలోని ఒహాయో రాష్ట్రమున, మతిమఱుపు రోగముతోనున్న బంధువులకు దీర్ఘకాలముగ పరిచర్య చేయుచున్న 13 మంది స్త్రీలను, అట్టి భారములేని అదే యీడు 13 మందిని తీసికొని, అందఱి చేతులపై మూడున్నర మిల్లీమీటర్ల చిన్నగాయము చేసిరి. భారములేనివారి గాయము సగటున 39 దినములకు మానినది. పరిచర్య చేయువారికి 48 దినములకు పైగా, అనగా మఱి తొమ్మిది దినములు పట్టినది. రెండవది 1991 లో ప్రకటితము. ఇంగ్లండులో సాలిస్‌బరీ సమీపమున నుండిన జలుబు పరిశోధనాలయమున 394 మంది ఆరోగ్యవంతులకు వారి సమ్మతితో జలుబుక్రిములున్న చుక్కలను ముక్కులలో వేసిరి. జీవితమున ఒత్తిడి అత్యల్పముగ నున్నవారిలో నూటికి 27 మందికి జలుబు చేసినది. ఒత్తిడి అత్యధికముగ నున్నవారిలో నూటికి 47 మందికి చేసినది.

ఈ లెక్కలను జాగ్రత్తగ చదువవలెను. ఒత్తిడి మిక్కిలిగ నున్నవారిలోను నూటికి 53 మందికి జలుబు రాలేదు. ఒత్తిడి లేనివారికిని నూటికి 27 మందికి వచ్చినది. క్రిమి లేక ఎవనికిని జలుబు రాలేదు. కాన చింత రోగమును పుట్టింపదు. రోగమునకు తలుపు కొంచెము తీసియుంచును. అదియుగాక చింతించువాడు సరిగ తినడు, నిద్రింపడు, కొందఱు కల్లుసారాయములకు లోనగుదురు. దేహరక్షణ తగ్గుటలో వీనికిని పాలు కలదు. గాజుగొట్టములలో వాడిన దూతల మోతాదు సాధారణముగ రక్తములో నుండుదానికన్న హెచ్చు. నాడి కొసల సరసన మాత్రము అంత గాఢత యుండవచ్చును. ఇందువలన ఏ దూతది ఎంత పాలు అని పంచుట శాస్త్రజ్ఞులకింకను సాధ్యము కాలేదు.

ఇక ఈ జ్ఞానముతో మనమేమి చేయవలెను? ముందుగా చేయరానివి రెండు చెప్పెదను. మనస్సు నిబ్బరముగ నుండిన చాలును, మందులక్కరలేదనుట మొదటి తప్పు. క్షయక్రిమి ధైర్యమును చూచి పాఱిపోదు. సామాన్యమైన క్షయకు ఆరునెలలు విడువక మందు మ్రింగవలెను. సర్కారు దవాఖానాలలో అది ఉచితముగ దొరకును. మనసు కుదుటపడినదని నడుమ మందు మానినవాడు తన క్రిములకు ఆ మందును ఎదుర్కొనుట నేర్పినవాడగును. రెండవ తప్పు ఇంకను క్రూరమైనది. రోగిని చూచి "నీ దిగులే నీకీ రోగము తెచ్చినది, దిగులు మానుము" అనుట. అప్పులవానికి, బిడ్డను పోగొట్టుకొన్నదానికి, ఎండిన బోరుముందు నిలిచినవానికి దిగులు మానుమనుట, వానలేని యేట చెఱువును నిండుమనుట వంటిది. లింఫోసైటుపై నున్న తాళములను మనిషి తన యిచ్చచే మూసికొనలేడు. నేరము రోగిదికాదు.

చేయదగినది చేతనైనది పెద్దలచేతిలోనే కలదు. తాళమును మార్చలేము, కాని ఎడతెగక మ్రోగు దండోరాకు కారణమైనదానిని తగ్గింపవచ్చును. మిత్తి విషయమున నలుగురు పెద్దలు కూర్చుండి ఒక గడువు కుదిర్చినచో ఒక యింటివారు ఆ రాత్రి నిద్రింతురు. కొడుకులు బొంబాయికో, పూనాకో పోయినప్పుడు మిగిలిన ముసలివారి గడప దినమునకొకసారి ఎవరో యొకరు త్రొక్కవలెను. మంచముపట్టినవానికి పరిచర్య చేయు కోడలికో, భార్యకో వారమునకొకపూట విశ్రాంతి కల్పింపుడు. ఒహాయో స్త్రీల గాయములు తొమ్మిది దినములు ఆలస్యముగ మానుట మఱువకుడు. మన యిండ్లలో ఆ భారము మోయు స్త్రీలను ఎవరును లెక్కపెట్టలేదు. దిగులు రెండువారములు దాటి తగ్గక, నిద్రాహారములు తప్పి, ప్రాణముపై విరక్తి కలిగిన మాటలు వినబడినచో దానిని సోమరితనమనిగాని, గాలి సోకినదనిగాని త్రోసివేయక, డాక్టరునకు చూపుడు. ఇంటిలోనున్న పురుగుమందు డబ్బాలకు తాళము వేసి, తాళపుచెవిని మఱియొకరిచేత నుంచుడు. 2022 లో కేంద్రప్రభుత్వము ప్రారంభించిన టెలీ మానస్ సేవకు 14416 అను సంఖ్యకు ఉచితముగ ఫోను చేసి తెలుగులోనే మాటాడవచ్చును.

మొదట నడిగిన ప్రశ్నకు వత్తము. "దిగులుతో పోయినాడు" అను ఊరిమాటయు, న్యుమోనియా యను డాక్టరుమాటయు ఒకదానికొకటి విరుద్ధములు కావు. డాక్టరు శత్రువు పేరు చెప్పినాడు. ఊరివారు కోటగోడలో బీటను చూపినారు. చంపినది క్రిమి. కాని ఆ మనిషి నెలలతరబడి ఒంటరిగ కూర్చుండి దిగులుపడుచున్నప్పుడు వానియొద్దకు మనలో నెవరు పోయిరి అను ప్రశ్న డాక్టరుకాగితములో నుండదు. దానికి సమాధానము మనమే వ్రాసికొనవలెను. మనోవ్యాధికి దవాఖానాలో మందు కలదు. ఊరిలోను కొంత మందు కలదు. దానిని ఇచ్చువారు మీరు.